పాత ఫోనోగ్రాఫ్ కొనేటప్పుడు ముందు చెక్క చూడండి

ఆగిపోయిన మోటారును బాగు చేయించుకోవచ్చు. తెగిన స్ప్రింగుకు బదులు కొత్తది దొరుకుతుంది. ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండ్ బాక్సులో గట్టిపడిన రబ్బరు మార్చడం ఒక సాయంత్రం పని. కానీ నూరేళ్ల కిందట ఫ్యాక్టరీలో వేసిన పాలిష్‌ను ఎవరైనా ఉప్పుకాగితంతో గీకేశారంటే, దాన్ని తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు. అందుకే మంచి చెక్క క్యాబినెట్లలో వచ్చిన పాత ఫోనోగ్రాఫులు (మనం గ్రామఫోన్ అనేవి) సేకరించాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది, పెట్టెను చూసి కొనమని. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. కీ ఇచ్చి, పాట వినపడగానే ముచ్చటపడి అక్కడికక్కడే డబ్బు ఇచ్చేస్తారు.

ఇక్కడ ఎక్కువగా అమెరికా యంత్రాల గురించే చెబుతాను. 1877లో ఎడిసన్ తొలి ఫోనోగ్రాఫ్‌ను తయారు చేసిన మెన్లో పార్క్, మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే న్యూజెర్సీ ఎడిసన్ టౌన్‌షిప్‌లోనే ఉంది. 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీ పుట్టిన కామ్డెన్ కూడా ఆ రాష్ట్రంలోదే. అక్కడ ఉంటున్నవాళ్లకు ఈ యంత్రాలు ఇంటి దగ్గరే దొరుకుతాయి. ఇండియాలో కొనేవాళ్ల జాగ్రత్తలు కొంచెం వేరు, అవీ కింద ఉన్నాయి.

1. ముందు ఏ రకమో తేల్చుకోండి

కనిపించినదల్లా కొంటే ఏడాది తిరిగేసరికి ఇంట్లో నడవడానికి చోటుండదు. ఒక దారి ఎంచుకోండి.

గొట్టంలా గుండ్రంగా ఉండే సిలిండర్ రికార్డులు వాయించేవి ఒక వర్గం. వీటిలో చెక్క పనితనం కావాలంటే 1909లో వచ్చిన ఎడిసన్ ఆంబెరోలా 1ఎ చూడాలి. హారన్ లోపలే దాగి ఉంటుంది, బయటికి నిలువు బీరువా మాత్రమే కనిపిస్తుంది. బయట హారన్ ఉన్నవాటిలో ఎడిసన్ ఆపెరా మోడల్‌కు చెక్క హారన్ ఉంటుంది. ఇవి అరుదు, ఖరీదు కూడా ఎక్కువే. మొదటి కొనుగోలుకు పనికిరావు.

ప్లేట్లు వాయించేవి రెండో వర్గం. 1906లో విక్టర్ కంపెనీ హారన్‌ను క్యాబినెట్ లోపలికి మడిచి పెట్టి, దానికి విక్ట్రోలా అని పేరు పెట్టింది. ధర 200 డాలర్లు. తొలి క్యాబినెట్లను ఫిలడెల్ఫియాలోని పూలీ అనే ఫర్నిచర్ కంపెనీ చేసి ఇచ్చింది. ముందున్న చిన్న తలుపులు తెరిస్తే శబ్దం పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. యంత్రం కాస్తా హాల్లో పెట్టుకునే ఫర్నిచర్ అయింది కాబట్టి చెక్క గొప్పతనం బయటికి వచ్చింది ఇక్కడి నుంచే. 1912లో ఎడిసన్ డైమండ్ డిస్క్ యంత్రాలు తెచ్చాడు. కొలంబియా వాళ్లు గ్రాఫొనోలా తెచ్చారు. బిలియర్డ్స్ బల్లలు చేసే బ్రన్స్‌విక్ కంపెనీ కూడా ఫోనోగ్రాఫులు మొదలుపెట్టింది. చెక్క పని చేతికి వచ్చినవాళ్లు కాబట్టి వాళ్ల క్యాబినెట్లు గట్టిగా, నీటుగా ఉంటాయి. సోనోరా వాళ్లవి పక్కలు ఉబ్బి వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపుకు చెక్క పొర అతికించడం మామూలు పని కాదు.

మొదటి యంత్రంగా నేలమీద నిలబడే విక్ట్రోలా తీసుకోమంటాను. లెక్కలేనన్ని తయారయ్యాయి, విడిభాగాలు దొరుకుతాయి, పోల్చి చూసుకోవడానికి మరో పది కనిపిస్తాయి. కన్ను కుదిరాక అరుదైన చెక్కల వైపు వెళ్లండి.

2. చెక్కలు గుర్తుపట్టడం నేర్చుకోండి

దీనికి తొందరపడకండి. కొనకుండా చూడడానికే కొన్ని నెలలు పెట్టండి. డెలవేర్ రాష్ట్రం డోవర్‌లో విక్టర్ వ్యవస్థాపకుడు ఎల్డ్రిడ్జ్ జాన్సన్ పేరిట విక్ట్రోలా మ్యూజియం ఉంది. న్యూజెర్సీ వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాలను జాతీయ పార్కుగా కాపాడుతున్నారు. ఈ రెండూ చూసి వస్తే అసలైన చెక్క రంగు ఎలా ఉంటుందో కంటికి తెలుస్తుంది. ఫొటోల్లో అది తెలియదు.

మహాగని అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. ఎర్ర రంగు అద్ది పాలిష్ చేసినది. వయసు మీద పడి ముదురు గోధుమ రంగుకు, ఒక్కోసారి దాదాపు నలుపుకు తిరుగుతుంది. దగ్గరగా చూస్తే సన్నని గీతల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. చవక మోడళ్లలో వేరే చెక్కకు మహాగని రంగు వేసి అమ్మారు. వాటిలో ఈ రంధ్రాలు ఉండవు, నున్నగా ఉంటుంది. లోపలి అంచుల్లో, మోటారు బోర్డు కింద చూస్తే రంగు పట్టని చోట అసలు చెక్క బయటపడుతుంది.

ఓక్ రెండోది. దుంగను ముందు నాలుగు పాయలుగా చీల్చి, మధ్య నుంచి బెరడు వైపుకు పలకలు కోస్తే అడ్డంగా మెరిసే చారలు వస్తాయి. దీన్నే టైగర్ ఓక్ అంటారు. లేత బంగారు రంగు ఓక్ ఒకటైతే, ఫ్యూమ్డ్ ఓక్ ఇంకొకటి. ఫ్యూమ్డ్ అంటే పైన రంగు పూయడం ఉండదు. అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్‌లోని టానిన్‌తో కలిసి చెక్కే గోధుమ రంగుకు మారుతుంది. అలాంటి పెట్టెను ఉప్పుకాగితంతో రుద్దితే ఆ రంగు పొర పోతుంది. మళ్లీ ఏ డబ్బాలోని రంగు తెచ్చి పూసినా ఆ ఛాయ రాదు.

ఇక అందరూ వెతికేది సర్కేసియన్ వాల్‌నట్. కాకసస్ కొండలు, నల్ల సముద్రం వైపు పెరిగే అక్రోట్ చెట్టు చెక్క ఇది. లేత గోధుమ రంగు మీద నల్లటి, ముదురు చారలు పొగ లేచినట్టు సుళ్లు తిరిగి ఉంటాయి. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. పెద్ద విక్ట్రోలాలను ఈ చెక్కలో తక్కువగానే చేశారు. మామూలు అమెరికన్ వాల్‌నట్‌ను సర్కేసియన్ అని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. అమెరికన్ వాల్‌నట్ ఒకే తీరు ముదురు గోధుమ, చారలు నెమ్మదిగా, నిలువుగా సాగుతాయి. పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూస్తే ఇక మోసపోరు.

ఒక అపోహ వదిలించుకోండి. వెనీర్ (పైన అతికించే పల్చటి చెక్క పొర) అనగానే నాసిరకం అనుకుంటాం, ఈ కాలపు ప్లైవుడ్ బీరువాల వల్ల వచ్చిన అలవాటు అది. ఆ రోజుల్లో అత్యంత ఖరీదైన ఫోనోగ్రాఫుల పక్క పలకలు కూడా వెనీర్ అతికించినవే. సుళ్లు తిరిగిన చెక్కను దళసరిగా కోస్తే వంకర పోతుంది. పైగా ఒకే దిమ్మ నుంచి వరసగా తీసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు ఎదురెదురుగా అతికిస్తే, తలుపుల మీద ఒకే డిజైన్ అటూ ఇటూ వస్తుంది. రెండు తలుపుల చారలు ఒకదానికొకటి సరిపోతున్నాయేమో చూడండి. సరిపోకపోతే ఒక తలుపు వేరే యంత్రం నుంచి తెచ్చి బిగించి ఉండవచ్చు.

3. పాలిష్ అసలుదా, తర్వాత వేసిందా?

ధరను తేల్చేది ఇదే. నేనైతే ఇక్కడే ఎక్కువ సేపు గడుపుతాను. ఒక టార్చ్, ఒక భూతద్దం, వీలైతే చిన్న యూవీ (అతినీలలోహిత) టార్చ్ తీసుకెళ్లండి.

మూత ఎత్తి లోపలి రంగును, బయటి రంగును పోల్చండి. బయట ఎండ తగిలి కొంత వెలిసి ఉండాలి. లోపలా బయటా ఒకే మెరుపు, ఒకే రంగు ఉంటే అనుమానించండి. విక్టర్ యంత్రాల్లో మూత లోపల, హారన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ బదిలీ ముద్ర ఉంటుంది. అది సన్నని పగుళ్లతో, అంచులు కొద్దిగా అరిగి ఉంటే మంచిది. అసలు లేకపోయినా, స్టిక్కర్‌లా కొత్తగా మెరుస్తున్నా, ఎవరో గీకి మళ్లీ పాలిష్ వేశారన్నమాట. తలుపు అంచులు చేత్తో తడమండి. పదునుగా ఉండాల్సిన మూలలు గుండ్రంగా అరిగితే ఉప్పుకాగితం పడిందని అర్థం. మడతబందుల మీద, తాళం పళ్లెం మీద పాలిష్ చుక్కలున్నాయేమో చూడండి. ఫ్యాక్టరీలో అలా జరగదు.

స్క్రూలు కూడా చూడాలి. ప్లస్ గుర్తు తలల స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల తర్వాతే. 1912 నాటి క్యాబినెట్‌లో అవి కనిపిస్తే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు.

ఆ కాలపు క్యాబినెట్ల మీద లక్క పాలిష్, వార్నిష్ ఎక్కువగా వాడారు. యూవీ వెలుతురులో లక్క నారింజ రంగులో వెలుగుతుంది. కొత్త పాలియురెథేన్ పూత అలా వెలగదు. ఇక్కడ మనకు ఒక చుట్టరికం ఉంది. అప్పటి 78 ప్లేట్లలో రాతి పొడిని పట్టి ఉంచిందీ లక్కే. ప్రపంచానికి ఆ లక్క ప్రధానంగా వెళ్లింది మన దేశం అడవుల నుంచి. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ అదే. కామ్డెన్‌లో తయారైన ఒక పెట్టె మెరుపులోనూ, దాని మీద తిరిగే పాటలోనూ మన కూలీల చేతి పని ఉందని తలచుకుంటే ఆ యంత్రం పరాయిదిగా అనిపించదు.

పాలిష్ మురికి పట్టి నల్లబడినా, మొసలి చర్మంలా పగిలినా భయపడకండి. అది అసలు పూత అయితే చాలు. చెక్క మీద మురికి పోగొట్టవచ్చు. పాలిష్ లేకుండా చేసిన చెక్కకు మందు లేదు.

4. తర్వాత యంత్రం చూడండి

కీ ఇవ్వమని అమ్మేవాళ్లనే అడగండి. నునుపుగా తిరగాలి. లోపల ఢబ్ అని చప్పుళ్లు వస్తే స్ప్రింగు మీది గ్రీజు గట్టిపడిందని అర్థం, అది మామూలే. కీ ఎంత తిప్పినా బిగుసుకోకపోతే స్ప్రింగు తెగిపోయింది. ప్లేటు అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. విక్ట్రోలాకు 78 రావాలి, ఎడిసన్ డైమండ్ డిస్క్ యంత్రానికి 80. మోటారు వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ సరిగ్గా ఉంటే ఆ వేగం పాట అయిపోయేదాకా మారదు.

సౌండ్ బాక్సులో మైకా (అభ్రకం) పొర తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతోందేమో చూడండి. 1925లో వచ్చిన ఆర్థోఫోనిక్ విక్ట్రోలాల్లో సౌండ్ బాక్సు చవక రకం పోత లోహంతో చేశారు. అది ఏళ్ల మీద ఉబ్బి, పగిలి, ముట్టుకుంటే విరుగుతుంది. కొలంబియా వాళ్ల కొన్ని యంత్రాల్లో సౌండ్ బాక్సును మోసే టోన్ ఆర్మ్‌కూ ఇదే జబ్బు. ఇది బాగయ్యేది కాదు, మార్చాల్సిందే. బేరంలో ఆ ఖర్చు తగ్గించి చెప్పండి.

ఒక్క హెచ్చరిక. స్ప్రింగు ఉన్న డబ్బాను మీరు విప్పకండి. చుట్టుకున్న ఉక్కు పట్టీ ఒక్కసారిగా విడుచుకుంటే వేళ్లు తెగుతాయి. తెలిసినవాళ్లకే ఇవ్వండి.

5. ఎక్కడ కొనాలి

అమెరికాలో పెద్దవాళ్లు పోయాక ఇంటి సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్స్, ఊరి వేలాలు, ఫోనోగ్రాఫుల ప్రదర్శనలు మంచి చోట్లు. ఒకప్పుడు కాలిఫోర్నియా సొసైటీగా ఉన్న ఆంటిక్ ఫోనోగ్రాఫ్ సొసైటీలో, మిషిగన్ పురాతన ఫోనోగ్రాఫ్ సొసైటీలో చేరండి. లండన్‌లో 1919 నుంచి నడుస్తున్న ఫోనోగ్రాఫ్, గ్రామఫోన్ సొసైటీ ఉంది. సభ్యులు అమ్మే యంత్రాల చరిత్ర వాళ్లకే తెలుసు, అడిగితే దాచరు. మామూలు మహాగని విక్ట్రోలా కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది, ఒక్కోసారి వచ్చి మోసుకుపోతే చాలంటారు. మొదటిది కొన్నాక అలాంటిది కనబడగానే కొనేయకండి. మీ చోటునూ డబ్బునూ మంచి చెక్క కోసం దాచుకోండి.

ఇండియాలో పరిస్థితి వేరు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పటి నుంచి గ్రామఫోన్ కంపెనీ మన దేశంలో బాగా పాతుకుపోయింది. కాబట్టి ఇక్కడ దొరికే అసలు యంత్రాల్లో హిజ్ మాస్టర్స్ వాయిస్ వాళ్లవే ఎక్కువ. వాటిలో టేకుతో చేసినవి మన తేమకు, చెదకు తట్టుకున్నాయి. అలాంటిది పాత జమీందారీ ఇంట్లోనో, పద్య నాటకాల ప్లేట్లు పోగు చేసుకున్న తాతగారి గదిలోనో కనిపిస్తే వదలకండి. అమెరికా సర్కేసియన్ వాల్‌నట్ కంటే మన టేకు పెట్టెకు నా మనసులో విలువ తక్కువేమీ కాదు.

బజారుల్లో మాత్రం జాగ్రత్త. హైదరాబాద్ చార్మినార్ దగ్గరి పాత సామాన్ల కొట్లలోనూ, ముంబై చోర్ బజార్‌లోనూ మెరిసే ఇత్తడి హారన్‌తో, ఆరు లేదా ఎనిమిది పలకల చెక్క పెట్టెతో కనిపించేవి దాదాపు అన్నీ కొత్తగా చేసినవే. సూట్‌కేసు గ్రామఫోన్ నుంచి తీసిన పాత మోటారును కొత్త పెట్టెలో బిగించి, కుక్క బొమ్మ రేకు కొడతారు. గుర్తుపట్టడం సులువు. హారన్ పల్చటి రేకు, అతుకులు గరుకు. పెట్టె లోపల చెక్క తెల్లగా, కొత్త వాసనతో ఉంటుంది. నంబరు పళ్లెం ఉండదు, ఉన్నా మేకులు కొత్తవి. అలంకారానికి కావాలంటే తెలిసే కొనుక్కోండి, పురాతన వస్తువు ధర మాత్రం ఇవ్వకండి. సందేహముంటే ముంబైలోని సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ లాంటి చోట తెలిసినవాళ్లను అడగండి.

6. ఇంటికి తెచ్చేటప్పుడు

ముందు స్ప్రింగు పూర్తిగా వదులయ్యేదాకా యంత్రాన్ని తిరగనివ్వండి. సౌండ్ బాక్సు తీసి గుడ్డలో చుట్టి మీ చేతిలో పెట్టుకోండి. ప్లేటు తిరిగే పళ్లెం ఎత్తి వేరుగా పెట్టండి. మూతను, తలుపులను మెత్తని గుడ్డతో కట్టండి, టేపు అతికించకండి, తీసేటప్పుడు పాలిష్ ఊడి వస్తుంది. నిలువుగానే తీసుకెళ్లండి.

7. శుభ్రం చేయడం, కాపాడడం

మన వడ్రంగి ఎంత మంచివాడైనా, "కొత్తగా మెరిపిస్తాను సార్" అన్నప్పుడు వద్దనండి. ఇది చెప్పడం కష్టం, ఎందుకంటే అతను ప్రేమతోనే అంటాడు.

పొడి బ్రష్‌తో దుమ్ము తీయండి. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, నీళ్లు తగిలితే తెల్లబారుతుంది. మెకానిక్‌లు గ్రీజు చేతులు తుడుచుకునే తెల్ల క్రీమ్ దొరుకుతుంది. ఇసుక పొడి లేని రకం తీసుకుని, ముందు వెనక వైపు ఎవరికీ కనబడని చోట కొంచెం రుద్దండి. గుడ్డకు నల్లటి మురికి అంటితే మంచిది. ఎర్ర రంగు అంటితే వెంటనే ఆపండి, అది మురికి కాదు, పాలిష్. శుభ్రమయ్యాక కార్నౌబా మైనం పల్చగా పట్టించి మెత్తని గుడ్డతో తుడవండి. సిలికాన్ ఉన్న స్ప్రేలు వాడకండి.

లేచిన వెనీర్‌ను ఫెవికాల్‌తో అతికించకండి. జంతు చర్మాల నుంచి తీసే పాత రకం వేడి జిగురు వాడమనండి. అది రేపు మళ్లీ విప్పుకోవడానికి వీలిస్తుంది.

విశాఖ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో తేమ పెద్ద శత్రువు. హైదరాబాద్‌లో పగలంతా ఏసీ, రాత్రి ఆపేయడం కూడా అంతే చెడ్డది. చెక్క ఉబ్బి, ముడుచుకుని వెనీర్‌ను వదిలేస్తుంది. చవకైన తేమ కొలిచే మీటరు ఒకటి క్యాబినెట్ లోపల పెట్టండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు. గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి, కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి. నేల మీద సన్నని పిండిలా పొడి రాలుతుంటే చెక్క పుచ్చు పడుతోంది. ఆ యంత్రాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి, వెంటనే పురుగుల మందు వాళ్లను పిలవండి.

8. వాయించేటప్పుడు

స్టీలు ముల్లు ఒక వైపుకు ఒకటి, అంతే. పాట అయ్యాక పారేయండి. ముల్లు మీద బరువు వంద గ్రాములు దాటుతుంది. ఎల్పీ (తర్వాతి కాలపు వినైల్) రికార్డు పొరపాటున కూడా పెట్టకండి, ఒక్క చుట్టుతోనే పోతుంది. ఎడిసన్ డైమండ్ డిస్క్ దళసరిగా ఉంటుంది, దాని గాడి పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని విక్ట్రోలా మీద పెడితే స్టీలు ముల్లు చెక్కేస్తుంది. సిలిండర్లలోనూ అంతే, మైనం సిలిండర్ మీద డైమండ్ ముల్లు పెట్టకూడదు. నీలం రంగు సెల్యులాయిడ్ సిలిండర్లకే అది.

9. దేశం దాటించాలంటే

అమ్మమ్మగారి ఇంటి గ్రామఫోన్‌ను డాలస్‌కో న్యూజెర్సీకో తీసుకెళ్లాలని చాలామందికి ఉంటుంది. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక, శాస్త్ర సంబంధమైన వస్తువు పురావస్తువు కిందకు రావచ్చు. అలా వస్తే ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపడానికి వీల్లేదు. 1910 నాటి యంత్రం ఇప్పటికే నూరు దాటింది. అందువల్ల టికెట్లు, షిప్పింగ్ మాట్లాడుకోకముందే భారత పురావస్తు శాఖ కార్యాలయానికి నంబరు పళ్లెం ఫొటో, నాలుగు వైపుల ఫొటోలు, మీ దగ్గరున్న పాత రసీదులు తీసుకెళ్లండి. పురావస్తువు కాదని వాళ్లు సర్టిఫికెట్ ఇస్తే దాని నకలు కస్టమ్స్‌కు, షిప్పింగ్ వాళ్లకు ఇవ్వండి. ఇవ్వకపోతే యంత్రాన్ని ఇక్కడే, చూసుకునే చుట్టాల ఇంట్లో, పైన చెప్పిన తేమ మీటరుతో సహా ఉంచండి.